పంచె ఎగ్గడితే మోకాలు లేస్తుందా? పెద్ద టైర్లకు ఎంత లిఫ్టు కావాలి

[షెడ్డు. వెనకాల ర్యాంపు మీద మారుతి జిమ్నీ. ముందు చక్రాలు రెండూ విప్పి పక్కన పెట్టి ఉన్నాయి.]

నమస్తే. నిన్న ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, కొత్త జిమ్నీ. మూడంగుళాల లిఫ్టు వేయించి బండిని లేపించా. ఇప్పుడు ఏ టైర్లు వేయమంటావ్?" ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అంటే ఇదే. టైరు ఏదో తేలకుండా బండి లేపించడమేంటి? సరే, ఎందుకు లేపించావురా అంటే, "వికారాబాద్ వైపు ట్రెయిల్‌కి వెళ్తే కింద రాళ్లు తగులుతున్నాయన్నా, అందుకని" అన్నాడు. "ఇప్పుడు తగలట్లేదా?" అన్నా. కాసేపు మాట లేదు. తర్వాత మెల్లగా, "అదే... తగులుతున్నాయి" అన్నాడు.

నెలకు నలుగురైదుగురు ఇదే మాట చెప్తున్నారు. అందుకే ఈ వీడియో.

[కెమెరా బండి కిందికి.]

ఇదిగో, వెనక చక్రాలు రెండింటినీ కలిపే ఇరుసు, అదే వెనక యాక్సిల్. మధ్యలో సొరకాయ బుర్రలా ఉబ్బెత్తుగా ఉందే, అది డిఫరెన్షియల్, ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల డబ్బా. జిమ్నీకి కంపెనీ 210 మిల్లీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్స్ అని రాస్తుంది కదా, అది బండిలో అన్నిటికన్నా కిందికి ఉన్న భాగం లెక్క. ఈ బండిలో ఆ భాగం ఈ సొరకాయే. గీతలు చూశారా? పెయింటు లేచిపోయి ఇనుము మెరుస్తోంది. రాయి తగిలేది ఇక్కడే.

ఇప్పుడు స్ప్రింగు ఎక్కడుందో చూడండి. యాక్సిల్ మీద కూర్చుని ఉంది. పొడుగు స్ప్రింగు పెట్టారనుకోండి, దాని పైన ఉన్నదంతా లేస్తుంది. చాసిస్ అంటే బండి అడుగు చట్రం, బాడీ, బంపర్లు, మీరు, పక్క సీట్లో మీ ఆవిడ, అంతా. మరి స్ప్రింగు కింద ఉన్న ఈ సొరకాయ? మిల్లీమీటరు కూడా కదలదు.

మా నాన్న మడిలో దిగేటప్పుడు పంచె ఎగ్గట్టేవాడు. బురద లోతును బట్టి మోకాలి దాకానో, ఇంకాస్త పైకో. పంచె ఎగ్గడితే పంచె తడవదు. కానీ మోకాలు ఎక్కడుంది? ఎప్పుడూ ఉన్నచోటే. గట్టు పక్కన రాయి ఉంటే, పంచె నడుం దాకా లేపినా మోకాలికి తగిలే దెబ్బ తగులుతుంది. లిఫ్టు అంటే పంచె ఎగ్గట్టడం. డిఫరెన్షియల్ అంటే మోకాలు. పంచె ఎగ్గడితే మోకాలు లేస్తుందా?

మోకాలు నేలకు దూరం జరగాలంటే అరికాలి కింద ఏదైనా పెట్టాలి. మందపాటి అడుగున్న గంబూట్లు తొడగాలి. ఆ గంబూట్లే పెద్ద టైర్లు. బండి కింద యాక్సిల్‌ని పైకి లేపగలిగింది టైరు ఒక్కటే.

అలాగని లిఫ్టు దండగ అనను. పొలం గట్టు ఎక్కి దిగేటప్పుడు పొట్ట ఆనదు, బంపరు మట్టిలో గుచ్చుకోదు. ఆ లాభం ఉంది. కానీ గంబూట్లు తొడిగినప్పుడు అడుగు మందం ఒక్కటే కాదు కదా, అవి పిక్కల దాకా పైకి కూడా వస్తాయి. పంచె కొస వాటికి చుట్టుకుంటుంది. నడుస్తుంటే తడబడతారు. అప్పుడు కొస తగలనంత వరకు పంచె పైకి కట్టాలి. పెద్ద టైర్లకు లిఫ్టు చేసే పని అంతే. బూట్లు ఏవో తేలాక పంచె ఎంత ఎగ్గట్టాలో చూసుకోవాలి. ముందు నడుం దాకా ఎగ్గట్టేసి, తర్వాత చెప్పుల షాపుకి వెళ్తే షాపువాడు ఏమనుకుంటాడు?

[వైట్ బోర్డు.]

టైరు సైజులో మొదటి అంకె వెడల్పు మిల్లీమీటర్లలో, రెండోది పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో ఎంత శాతమో, ఆర్ తర్వాతది రిమ్ము అంగుళాల్లో. ఇక లెక్కకు వస్తా. మన దగ్గర 2023 నుంచి అమ్ముతున్న ఐదు డోర్ల జిమ్నీకి కంపెనీ టైరు 195/80 ఆర్15. మొత్తం ఎత్తు 693 మిల్లీమీటర్లు. ఎక్కువమంది దీని తర్వాత వెళ్లేది 215/75 ఆర్15కి. అది 703. పెరిగింది పది, యాక్సిల్ లేచేది ఐదు, ఎందుకంటే యాక్సిల్ చక్రం మధ్యలో ఉంటుంది, పెరిగినదాంట్లో సగమే దానికి దక్కుతుంది. ఐదు మిల్లీమీటర్లు అంటే మూడు పది రూపాయల బిళ్లల మందం కూడా కాదు అని నవ్వకండి. ఈ సైజులో లాభం ఎత్తు కాదు, పట్టు. దీనికి లిఫ్టు అక్కర్లేదు. సున్నా. ఈ మాట చెప్తే నా షెడ్డుకే నష్టం, అయినా చెప్తున్నా.

తర్వాతిది 235/75 ఆర్15. ఎత్తు 733. అంటే 40 పెరిగింది, సొరకాయ 20 మిల్లీమీటర్లు లేస్తుంది. 210 కాస్తా 230 అవుతుంది. రాళ్లలో ఆ 20 చాలా పెద్ద సంఖ్య, తోలిన వాళ్లకు తెలుసు. దీనికి 40 నుంచి 50 మిల్లీమీటర్ల లిఫ్టు, అంటే మనవాళ్ల భాషలో రెండంగుళాల కిట్టు సరిపోతుంది. జిమ్నీలో నేను ఇక్కడితో ఆగుతా. "31 అంగుళాల టైరు పట్టించన్నా" అంటారు కొందరు. బాబూ, 31 కావాలంటే మహీంద్రా థార్ కొనుక్కో. దాని 255/65 ఆర్18 టైరు షోరూమ్ నుంచే 31 అంగుళాలు.

[ముందు చక్రం దగ్గర. పళ్లెంలో తడిపిన ముగ్గుపిండి.]

రెండంగుళాలు అన్నాను కాబట్టి రెండంగుళాలు వేయించేయకండి. కొలవండి. ముగ్గుపిండి తడిపి టైరు భుజాల మీద, అంచుల మీద ఇలా పూయాలి. ఒక ముందు చక్రాన్ని అడుగు ఎత్తు దిమ్మ మీదికి ఎక్కించాలి. అప్పుడు ఆ వైపు స్ప్రింగు పూర్తిగా కుంగుతుంది. ఇప్పుడు స్టీరింగ్ ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా తిప్పండి. దిగి టార్చి వేసి చూడండి. ఇదిగో, బంపరు వెనక మూల ప్లాస్టిక్ మీద తెల్లటి గీత. ఇక్కడ, లోపల, యాక్సిల్‌ని చాసిస్‌కి కట్టే కడ్డీ, అదే రేడియస్ ఆర్మ్, దాని మీద ఇంకో గీత.

ఈ రెండో గీత చూడండి. ఇది యాక్సిల్ వైపు భాగం, టైరుతో పాటే ఉంటుంది. బండిని ఆకాశానికి లేపినా ఈ రాపిడి పోదు. దీనికి మందు వేరే. చక్రాన్ని కాస్త బయటికి జరిపే రిమ్ము కావాలి, లేదా స్టీరింగ్ తిరిగే హద్దును కొంచెం తగ్గించాలి. రిమ్ము ఎలాగూ మార్చాల్సిందే, కంపెనీ రిమ్ము వెడల్పు ఐదున్నర అంగుళాలు, 235 టైరుకు కనీసం ఆరు ఉండాలి. మరీ బయటికి జరిపితే మాత్రం బంపరు మూల దగ్గర కొత్త గీత పుడుతుంది. ఒక చోట లాగితే ఇంకో చోట పిగిలే వ్యవహారం.

మళ్లీ పంచె దగ్గరికి. నిలబడి ఉన్నప్పుడు పంచె తొడల దాకా ఉంది, బాగుంది. మడిలో నారు పీకడానికి గొంతుక్కూర్చుంటే? కొస మళ్లీ బురదలోకే. లిఫ్టు కూడా నిలబడ్డప్పుడు ఎత్తే. గుంతలో పడ్డప్పుడు స్ప్రింగు ఎంత పొడుగుదైనా కుంగి కుంగి బంప్ స్టాప్ దాకా వెళ్తుంది. ఇదే, ఈ రబ్బరు దిమ్మ. ఇది పాతదే అయితే, టైరు పాత చోటు దాకా లోపలికి వెళ్తుంది. టైరు మాత్రం కొత్తది, పెద్దది. చక్రం పైన లోపలి ప్లాస్టిక్ తొడుగు, అదే ఫెండర్ లైనర్, ముక్కలవుతుంది. అందుకే లిఫ్టుతో పాటు బంప్ స్టాప్ ఎత్తు కూడా పెంచాలి. మొత్తం గొంతుక్కూర్చోకుండా కింద చిన్న పీట వేయడం అన్నమాట. కిట్టు కొనేటప్పుడు "ఇందులో బంప్ స్టాప్‌లు ఉన్నాయా?" అని అడగండి. అమ్మేవాడు తెల్లమొహం వేస్తే ఇంకో షాపు చూసుకోండి.

ఇప్పుడు నా బాధ. నేను మొదటిసారి వేరే షెడ్డులో లిఫ్టు వేయించా. పేరు ఎందుకులెండి. "స్ప్రింగులు, షాకర్లు, అంతే బాస్, ఇంకేం అక్కర్లేదు" అన్నాడు. సాయంత్రం హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కా. 80 దాటగానే బండి నా మాట వినట్లేదు. ఎడమకి పోతుంది, సరిచేస్తే కుడికి పోతుంది. పక్కన లారీ. రెండు చేతులకూ చెమట. శంషాబాద్ నుంచి ఇంటికి 50లో వచ్చా, టెన్షన్‌తో ఆ రాత్రి అన్నం కూడా సరిగ్గా తినలేదు.

ఇక్కడ పంచె పనికిరాదు, సైకిల్ కావాలి. సైకిల్ ముందు ఫోర్కు నిటారుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. చేతులు వదిలేసినా హ్యాండిల్ తిన్నగా వెళ్లడానికి ఆ వాలు కూడా సాయపడుతుంది. కారులో ఆ వాలు పేరు క్యాస్టర్. జిమ్నీ ముందు యాక్సిల్‌ని రెండు రేడియస్ ఆర్మ్‌లు చాసిస్‌కి కట్టి ఉంచుతాయి. చాసిస్ లేస్తే ఆ ఆర్మ్‌లు వంగుతాయి, వాటితో పాటు యాక్సిల్ ముందుకు దొర్లుతుంది, వాలు తగ్గుతుంది. ఫోర్కు నిటారుగా ఉన్న సైకిల్ తొక్కినట్టు ఉంటుంది. దీనికి క్యాస్టర్ కరెక్షన్ బుష్‌లు వస్తాయి. రెండంగుళాలకు అవి తప్పనిసరి అని నా లెక్క. అడ్జస్టబుల్ పాన్‌హార్డ్ రాడ్డు కూడా. అది ఒక చివర యాక్సిల్‌కి, ఇంకో చివర చాసిస్‌కి అడ్డంగా ఉంటుంది. బండి లేచినప్పుడు యాక్సిల్‌ని ఒక పక్కకి లాగేస్తుంది. వెనక నుంచి చూస్తే ఒక చక్రం వేలి మందం బయటికి కనిపిస్తుంది. చాలామంది దాన్ని యాక్సిడెంట్ బండి అనుకుంటారు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తా.

థార్ వాళ్లు అడుగుతారు. మీకు ముందు భాగం ఇండిపెండెంట్, అంటే రెండు చక్రాలూ దేనికది కదులుతాయి, డిఫరెన్షియల్ చాసిస్‌కే బిగించి ఉంటుంది. అంటే ముందు వైపు మీ మోకాలు నిజంగానే పంచెతో పాటు లేస్తుంది, అదృష్టవంతులు. కానీ చక్రాలను తిప్పే డ్రైవ్ షాఫ్టులు ఏటవాలు అయి వాటి కీళ్ల మీద, అంటే సీవీ జాయింట్ల మీద, భారం పడుతుంది. కాబట్టి అత్యాశ వద్దు. వెనక మాత్రం మీదీ మా సొరకాయే.

స్పేసర్ లిఫ్టు చవక. స్ప్రింగు పాతదే, పైన దిమ్మ పెడతారు. షాకర్ పొడుగు మారకపోతే చక్రం కిందికి దిగడం తగ్గిపోతుంది. చిన్న లిఫ్టుకు సరే, నాకైతే నచ్చదు. బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ వైర్లు చక్రం పూర్తిగా వేలాడినప్పుడు బిగుసుకుంటున్నాయేమో చూడండి. హెడ్‌లైట్లు కిందికి దించుకోండి, ఎదుటివాళ్ల కళ్లలో కొడతాయి.

235 వేస్తే ఒక్కో టైరు సుమారు నాలుగైదు కిలోలు బరువు పెరుగుతుంది. ఇంజన్ అదే లీటరున్నర పెట్రోలు. చక్రం ఒక్కో చుట్టుకు 6 శాతం ఎక్కువ దూరం పోతుంది, అంటే గేరింగ్ అంత పొడుగవుతుంది, పికప్ పడిపోతుంది, స్పీడోమీటర్ లెక్క కూడా అంతే తప్పుతుంది. స్టెప్నీ వెనక డోరుకి వేలాడుతుంది కాబట్టి ఆరు నెలలకోసారి ఆ కీళ్లు చూసుకోండి.

చట్టం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఉంది. కంపెనీ స్పెసిఫికేషన్‌కు విరుద్ధంగా బండిని మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. "ఎవరు చూస్తారులే అన్నా" అనేవాళ్లు ఇన్సూరెన్స్ సర్వేయర్ చూస్తాడని గుర్తుపెట్టుకోండి. డబ్బు కట్టకముందే ఆర్టీఓ ఆఫీసులోనూ, మీ ఇన్సూరెన్స్ వాళ్లనూ అడగండి.

చివరిది, స్ప్రింగు ఎంత గట్టిది తీసుకోవాలి. కిట్లలో 50 కిలోల అదనపు బరువుకు ఒకటి, 150కి ఒకటి అని రకరకాలు ఉంటాయి. అందరూ గట్టిదే కొంటారు, తర్వాత ఖాళీ బండిలో నడుం విరుగుతోందని నాకు ఫోన్ చేస్తారు. పైగా చాలా కిట్లు బయటి దేశాల మూడు డోర్ల జిమ్నీకి చేసినవి, మనది దానికన్నా పొడుగు, బరువు. అందుకని ట్రిప్పుకి ఎలా వెళ్తారో అలాగే టెంటు, నీళ్ల క్యాన్లు, మనుషులు అందరినీ ఎక్కించుకుని, ఫుల్ ట్యాంకుతో లారీల కాటాకి వెళ్లండి. ముందు చక్రాలు మాత్రమే ఎక్కించి ఒక చీటీ, వెనకవి మాత్రమే ఎక్కించి ఇంకో చీటీ తీసుకోండి. కాటా అబ్బాయి వింతగా చూస్తాడు, పర్లేదు. ఆ రెండు చీటీలు చేతిలో ఉన్నాక నాకు ఫోన్ చేయండి.