ఎల్గార్‌కి రెండు సాయంత్రాలు, ఎథెల్ స్మైత్‌కి సున్నా

(లండన్ శివారులో ఒక తెలుగు ఇంటర్నెట్ రేడియో స్టూడియోలో జరిగిన చర్చ ఇది. విన్నది విన్నట్టు రాశాను. ముగ్గురూ కలిసి మాట్లాడిన చోట ఎవరి గొంతు పైన వినిపిస్తే వారి మాటే కాగితం మీదికి వచ్చింది. డాక్టరు గారి వాటా ఎందుకంత ఎక్కువని నన్ను అడగొద్దు.)

యాంకర్: నమస్కారం. ఇక్కడి సంగీత సమాజం ఈ చలికాలం ఇంగ్లిష్ క్లాసికల్ స్వరకర్తల మీద ఆరు ఉపన్యాసాలు పెట్టింది. పోయిన వారం కరపత్రం ఇంటింటికీ వచ్చింది. మూడు మడతల కాగితం, అట్ట మీద ఎల్గార్ మీసం. లోపల పర్సెల్, హాండెల్, ఎల్గార్, మళ్లీ ఎల్గార్, వాన్ విలియమ్స్, బ్రిటెన్. మొదటి జాబితాలో ఉన్న స్త్రీ స్వరకర్త ఎథెల్ స్మైత్ పేరు ఎగిరిపోయింది. పైగా ఆఖరి రోజు టీ అయ్యాక అందరూ లేచి నిలబడి, ఎల్గార్ వరసలో బ్రిటిష్ సామ్రాజ్యాన్ని పొగిడే 'లాండ్ ఆఫ్ హోప్ అండ్ గ్లోరీ' పాట పాడాలట. సభ్యుల మధ్య మాటామాటా పెరిగింది. ముగ్గురికీ సమానంగా సమయం ఇస్తాను, అది నా పూచీ. నాదొక ప్రశ్న ఉంది. 'గాడ్ సేవ్ ద కింగ్' వరసలో ముత్తుస్వామి దీక్షితులు 'సంతతం పాహిమాం' కట్టారు కదా. మరి ఈ ఆరింటిలో మన నోటుస్వరాల, అంటే ఇలా పాశ్చాత్య వరసలకి కట్టిన కృతుల ఊసే...

డాక్టరు: దానికి వస్తాను. ముందు మీసం సంగతి తేలుద్దాం. నేను వూస్టర్‌లో ముప్ఫై ఏళ్లు ఫ్యామిలీ డాక్టరుగా చేశాను. హై స్ట్రీట్‌లో ఎల్గార్ వాళ్ల నాన్నకి మ్యూజిక్ షాపు ఉండేది. పియానోలు శ్రుతి చేసేవాడు. ఈయన ఆ షాపులో పుస్తకాలు చూసి తనంతట తాను నేర్చుకున్నాడు. ఏ కాలేజీకీ పోలేదు. మతం చూస్తే క్యాథలిక్. 'ఎనిగ్మా వేరియేషన్స్' వచ్చిన 1899కి నలభై దాటాయి. అలాంటి మనిషిని పట్టుకుని సామ్రాజ్యవాది అంటే...

క్వైర్ సభ్యురాలు: ఎల్గార్‌ని నేనేమీ అనలేదు డాక్టరు గారూ. రెండు సాయంత్రాలు ఎందుకు అన్నాను.

డాక్టరు: ఒక్కటి చాలదు కనుక.

క్వైర్ సభ్యురాలు: స్మైత్‌కి అసలు ఒక్కటీ లేదు కదా! 1903లో న్యూయార్క్ మెట్రోపాలిటన్‌లో ఆవిడ ఒపెరా ఆడింది. ఆ వేదిక మీద ఇంకో స్త్రీ ఒపెరా ఆడటానికి 2016 దాకా పట్టింది. ఓటు హక్కు కోసం కిటికీ అద్దం పగలగొట్టి 1912లో హాలోవే జైలుకి వెళ్లింది. ఆర్కెస్ట్రా కండక్టర్ బీచమ్ చూడటానికి వెళ్తే కింద ముంగిట్లో ఖైదీ ఆడవాళ్లు ఆవిడ కట్టిన 'మార్చ్ ఆఫ్ ద విమెన్' పాడుతూ నడుస్తున్నారట. ఈవిడ పై కిటికీలోంచి...

డాక్టరు: టూత్‌బ్రష్‌తో తాళం వేసింది. అందరికీ తెలిసిన కథే అమ్మా.

క్వైర్ సభ్యురాలు: తెలిసిందల్లా ఆ కథే! సంగీతం ఎవరు విన్నారు?

యాంకర్: జైల్లో టూత్‌బ్రష్... బాగుంది. ఇది మన నోటుస్వరాలకి ఎలా...

వయొలిన్ టీచర్: ఒక్క మాట సార్. జాబితా పేరే 'ఇంగ్లిష్ స్వరకర్తలు'. అందులో హాండెల్ పుట్టింది జర్మనీలో, హాలేలో. అదే లండన్‌లో పుట్టి క్రాయ్‌డన్‌లో పెరిగిన శామ్యూల్ కోల్‌రిడ్జ్-టేలర్ మాత్రం లేడు. తండ్రి సియెరా లియోన్ నుంచి వచ్చిన డాక్టరు. ఆయన బృందగాన కృతి 'హయవాథాస్ వెడ్డింగ్ ఫీస్ట్' 1898లో వచ్చింది. తర్వాత ఆల్బర్ట్ హాల్లో ఏటేటా వేషాలు కట్టి మరీ ఆడారు. ఆయన దాని హక్కులు పదిహేను గినీలకి అమ్ముకున్నాడు. ముప్ఫై ఏడేళ్లకే...

డాక్టరు: శభాష్ బాబూ! మరి త్రీ క్వైర్స్ ఫెస్టివల్ అనే సంగీతోత్సవం వాళ్లకి ఆ కుర్రాడి పేరు చెప్పిందెవరు? ఎల్గార్! కొత్త కృతి రాయమంటే, నాకొద్దు, అతనికివ్వండి అన్నాడు. చూశారా, ఎటు తిరిగినా...

వయొలిన్ టీచర్: అది కాదు సార్ నేను...

డాక్టరు: ఇక హాండెల్. 1727లో పార్లమెంటు చట్టం చేసి మరీ బ్రిటిష్ పౌరుణ్ణి చేసింది. అదే ఏడు రాజుగారి పట్టాభిషేకానికి 'జేడొక్ ద ప్రీస్ట్' కట్టాడు. అప్పట్నుంచి ప్రతి పట్టాభిషేకంలోనూ అదే, మొన్న 2023లో కూడా. సమాధి వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీలో. ఇంకేం కావాలి? నాకు ఇక్కడి పాస్‌పోర్టు వచ్చేసరికి ఎన్ని ఫారాలు నింపానో నాకు తెలుసు. హాండెల్ ఇంగ్లిష్ కాదంటే నేనూ కాను, మీరూ కారు.

(నవ్వులు. ఈ ఒక్క మాటతో గది మొత్తం ఆయన వైపు తిరిగింది. ఇంతకీ మొదటి జాబితాలో కోల్‌రిడ్జ్-టేలర్ ఉన్నాడా లేడా అన్నది ఎవరూ అడగలేదు.)

యాంకర్: పాస్‌పోర్టు అంటే గుర్తొచ్చింది. వయొలిన్ మన దగ్గరికి వచ్చింది కూడా ఇంగ్లిష్ వాళ్ల బ్యాండు మేళంతోనే. బాలుస్వామి దీక్షితులు మద్రాసులో నేర్చుకున్నారు. కాబట్టి నా ప్రశ్న...

క్వైర్ సభ్యురాలు: మీ ప్రశ్నకి హోల్‌స్ట్ ఉన్నాడండీ! ఆయన్నీ తీసేశారు. సంస్కృతం నేర్చుకుని ఋగ్వేద సూక్తాలు తనే అనువదించుకుని స్వరపరిచాడు. సావిత్రి కథతో ముగ్గురే గాయకులుండే చిన్న ఒపెరా రాశాడు. మొదట చీకట్లో యముడి గొంతు ఒక్కటే, వాద్యం లేకుండా. కాసేపటికి సావిత్రి అందుకుంటుంది. ఆ చోటు పాడి చూస్తే తెలుస్తుంది, రెండు గొంతులూ కలిసీ కలవనట్టు...

డాక్టరు: హోల్‌స్ట్ అంటే జనానికి 'ద ప్లానెట్స్' ఒక్కటే. అసలు జనం రావాలి కదమ్మా! హాలు అద్దె, హీటింగ్, టీ, బిస్కెట్లు...

యాంకర్: బిస్కెట్లు ఈసారి డబ్బులకి అమ్ముతున్నారని ఒక శ్రోత మెసేజ్ పెట్టారు.

డాక్టరు: ముప్ఫై పెన్నీలు. అదీ చాక్లెట్‌వి. మామూలువి ఫ్రీ.

(రెండు నిమిషాలు బిస్కెట్ల మీదే నడిచింది. అదంతా వదిలేస్తున్నాను.)

వయొలిన్ టీచర్: పాట సంగతికి వస్తాను. 2020లో బీబీసీ ఏటా పెట్టే ప్రామ్స్ కచేరీల ఆఖరి రాత్రికి 'రూల్ బ్రిటానియా' అనే దేశభక్తి పాట, ఈ 'లాండ్ ఆఫ్ హోప్' పాటా మాటలు లేకుండా వాద్యాల మీద వాయిస్తామని బీబీసీ అంది. గొడవయ్యాక మళ్లీ పాడించింది. ఆ గొడవంతా మాటల గురించే. ఎల్గార్ 1901లో రాసింది మార్చ్ మాత్రమే. మాటలు బెన్సన్‌వి, తర్వాత అతికించినవి.

డాక్టరు: అదే నేను చెప్పేది! ఎల్గార్ తప్పేముంది?

వయొలిన్ టీచర్: పూర్తి చేయనివ్వండి. ఆ మాటలు ఆయనవి కావు, సరే. మరి 1912లో ఆయన సంగీతం కట్టిన 'ద క్రౌన్ ఆఫ్ ఇండియా' అనే రంగస్థల ప్రదర్శన? ఢిల్లీ దర్బారు అయిన మూడు నెలలకే లండన్ కొలీజియంలో ఆడింది. రాజధాని నాదంటే నాదని ఢిల్లీ, కలకత్తా వేదిక మీద వాదులాడుకుంటాయి. చివరికి ఇద్దరూ ఇంగ్లండ్ రాజుకి మొక్కుతారు. సర్కస్ గారడీల మధ్య ఒక ఐటెం. ఎల్గార్ స్వయంగా నిలబడి కండక్ట్ చేశాడు.

(ఒక్క క్షణం నిశ్శబ్దం. గంటసేపట్లో ఇదొక్కటే.)

యాంకర్: అదిగో, ఇండియా వచ్చింది! ఇందులో మన రాగం ఏమైనా...

వయొలిన్ టీచర్: ఏమీ లేదండీ. తాళాలూ డప్పులూ ఉన్నాయి, అంతే.

డాక్టరు: అప్పుడే హాంప్‌స్టెడ్‌లో పెద్ద ఇల్లు కొన్నాడు బాబూ! డబ్బు కావాలి. ఇల్లు కొన్నవాడికి తెలుస్తుంది. పైగా ఆయన్ని ముందు గుర్తించింది ఎవరు? జర్మన్లు. ఆయన బృందగాన కృతి 'డ్రీమ్ ఆఫ్ జెరోంటియస్' తొలి ప్రదర్శన 1900లో బర్మింగ్‌హామ్‌లో చెడిపోయింది. నిలబెట్టింది డ్యూసెల్‌డార్ఫ్. రెమెంబరెన్స్ సండే నాడు లండన్‌లో అమరుల స్తూపం దగ్గర మిలిటరీ బ్యాండు వాయిస్తుందే 'ఎనిగ్మా'లోని 'నిమ్రాడ్', ఆ నిమ్రాడ్ ఎవరనుకున్నారు? యేగర్ అనే జర్మన్ స్నేహితుడు. జర్మన్‌లో యేగర్ అంటే వేటగాడు. బైబిల్లో వేటగాడు నిమ్రాడ్. దేశమంతా తల వంచేది ఒక వలస వచ్చినవాడి పేరు మీద కట్టిన పాటకి! ఇంత మనిషికి రెండు సాయంత్రాలు ఎక్కువా?

క్వైర్ సభ్యురాలు: బాగా చెప్పారు. ఆ రెండో సాయంత్రం ఉపన్యాసం ఇచ్చేది ఎవరో కూడా శ్రోతలకి చెప్పండి.

డాక్టరు: అదీ ఇదీ ఒకటి కాదు.

క్వైర్ సభ్యురాలు: కరపత్రం నాలుగో మడత... సారీ, మూడో మడత. మీ పేరే ఉంది.

యాంకర్: మీరు కమిటీలో ఉన్నారా?

డాక్టరు: కోశాధికారిని. ఎవరూ ముందుకు రాకపోతే ఒప్పుకున్నాను. స్మైత్ మీద మాట్లాడాల్సినావిడ రాలేనంది, ఖాళీ పూడ్చాం.

క్వైర్ సభ్యురాలు: నన్ను అడగొచ్చు కదా! పదకొండేళ్లుగా అదే హాల్లో పాడుతున్నాను.

డాక్టరు: నీకు ఇష్టముందని మాకేం తెలుసమ్మా...

(ఇద్దరూ ఒకేసారి. 'మెయిల్ పెట్టాను' అన్న మాట ఒక్కటే అర్థమైంది.)

యాంకర్: టైమ్ దగ్గరపడింది. ముగ్గురికీ సమానంగా అన్నాను కాబట్టి చివరి మాట టీచర్ గారిది. నోటుస్వరాల గురించి...

వయొలిన్ టీచర్: ఆరూ కాకపోతే ఏడు పెట్టొచ్చు కదా అని...

డాక్టరు: ఏడోదానికి హీటింగ్ ఎవరిస్తారు?

యాంకర్: మంచి ప్రశ్న. శ్రోతలు మెసేజ్ చేయండి. 'మార్చ్ ఆఫ్ ద విమెన్' వింటూ సెలవు తీసుకుందాం. (అవతల గదిలోంచి ఏదో మాట.) ఫైల్ దొరకడం లేదంటున్నారు.

డాక్టరు: నా సంచీలో సీడీ ఉంది.

(నిమ్రాడ్ మొదలైంది.)