మెతుకు పట్టి చూసే లెక్క ఇక్కడ పనికిరాదు

(జూన్ 29, స్టాటిస్టిక్స్ దినం నాడు ఒడిశాలోని బరంపురంలో డిగ్రీ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)

పెద్దలకు నమస్కారం. పిల్లలూ, ఈ ఉక్కపోతలో ఇంతమంది వచ్చారు, సంతోషం. వెనక నిలబడ్డవాళ్లు ముందుకు వచ్చి కూర్చోండి, కుర్చీలు ఉన్నాయి.

ఈరోజు స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త మహలనోబిస్ గారి పుట్టినరోజు. 2007 నుంచి దీన్ని దేశమంతా స్టాటిస్టిక్స్ దినంగా జరుపుకుంటున్నాం. నన్ను పిలిచినవాళ్లు మాత్రం ఆయన గురించి మాట్లాడమని అడగలేదు. "స్టాటిస్టిక్స్‌లో పైచదువులకు ఎలా అప్లై చెయ్యాలో మా పిల్లలకు చెప్పండి" అన్నారు. చెప్తాను. కానీ అప్లై చేశాక ఎదురుచూసే రోజుల గురించే ఎక్కువ చెప్తాను. ఫారం నింపడం నేర్పేవాళ్లు ఎక్కడో ఒకచోట దొరుకుతారు. డిసెంబరు నుంచి ఏప్రిల్ దాకా ఇంట్లో, మనసులో ఏం జరుగుతుందో ముందుగా చెప్పిన మనిషి నాకు దొరకలేదు.

నేను ఈ ఊరి పిల్లనే. మా ఇల్లు బడాబజారు వెనక సందులో. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ప్లస్ త్రీకి, అంటే డిగ్రీకి వచ్చేసరికి పుస్తకాలన్నీ ఇంగ్లిషు. అమ్మ అప్పడాలు చేసి దుకాణాలకు వేసేది. వంద అప్పడాల కట్ట కట్టేముందు రెండు తీసి నూనెలో వేయించి చూసేది. ఆ రెండూ ఎప్పుడూ పైనుంచి తీసేది కాదు. ఒకటి మధ్యలోంచి, ఒకటి అడుగునుంచి లాగేది. ఎందుకమ్మా అంటే, "పైన బాగా ఎండినవే ఉంటాయే. అడుగువాటి సంగతి అవేటి చెప్తాయి?" అనేది. శాంపిల్ ఎలా తియ్యాలో నేను విన్న మొదటి పాఠం అదే. ఆ మాట మళ్లీ వస్తుంది, గుర్తుంచుకోండి.

స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారి పేరు మీ అందరికీ తెలుసు. తెలుగు కుటుంబం. 1920లో, ఇప్పుడు కర్ణాటకలో ఉన్న హడగళిలో పుట్టారు, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివారు. ఆ తర్వాత ఆయన కలకత్తా వెళ్లింది స్టాటిస్టిక్స్ కోసం కాదు. సైన్యం సర్వే విభాగంలో గణితం తెలిసినవాళ్లకు ఉద్యోగం ఉందంటే ఇంటర్వ్యూకి వెళ్లారు. ఆ ఉద్యోగం రాలేదు. అక్కడ పరిచయమైన ఒకాయన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో శిక్షణ పొందుతున్నానని చెప్తే, వెళ్లి చూసి, తనూ దరఖాస్తు పెట్టుకున్నారు. 1941 జనవరి 1న చేరారు. 1945లో ఆయన రాసిన ఒక్క వ్యాసంలోంచే క్రామర్-రావు అసమానత, రావు-బ్లాక్‌వెల్ సిద్ధాంతం వచ్చాయి. మీ మూడో ఏడు సిలబస్‌లో ఉన్నవి అవే. విశాఖ నుంచి కలకత్తాకు రైలు దారి అప్పుడూ ఇప్పుడూ మన బరంపురం స్టేషను మీదుగానే. ఇంటర్వ్యూ కోసం నేను కలకత్తా రైలెక్కిన రాత్రి ఆ సంగతి తలుచుకున్నాను. ఎంతో ధైర్యం వచ్చింది.

ఇప్పుడు దారుల సంగతి. మన దేశంలోనే చదవాలంటే ముఖ్యంగా రెండు చూసుకోండి. ఒకటి ఐఎస్‌ఐ (ఇందాక చెప్పిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్) ఎం.స్టాట్, అంటే పీజీ కోర్సు. పరీక్ష మామూలుగా మే నెలలో ఉంటుంది, పొద్దున ఆబ్జెక్టివ్, మధ్యాహ్నం వివరంగా రాసే పేపరు, ఆ తర్వాత ఇంటర్వ్యూ. ఇన్నేళ్లుగా ట్యూషన్ ఫీజు లేకుండా, పైగా స్టైపెండ్ ఇచ్చి చదివిస్తున్న సంస్థ అది. రెండోది ఐఐటీల జామ్ పరీక్ష. అందులో మ్యాథమెటికల్ స్టాటిస్టిక్స్ అని విడిగా పేపరు ఉంది, ఫిబ్రవరిలో, మూడు గంటలు, వంద మార్కులు. కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ అని ఉమ్మడి ప్రవేశ పరీక్ష ఉంది. భంజవిహార్‌లో మన యూనివర్సిటీలోనే స్టాటిస్టిక్స్ విభాగం ఉంది, దాన్ని చిన్నచూపు చూడకండి. ఈ పరీక్షలకు పాత ప్రశ్నపత్రాలు దొరుకుతాయి, కూర్చుని చెయ్యడమే.

అమెరికా దారి వేరు. అక్కడ ఒక్క పరీక్ష మీద తేలదు. డిసెంబరు మొదటి రెండు వారాల్లో చాలాచోట్ల గడువు ముగుస్తుంది. మార్కుల పత్రాలు, ఎస్‌ఓపీ (ఏం చదవాలనుకుంటున్నారో, ఎందుకో మీరు రాసే వ్యాసం), మూడు సిఫార్సు లేఖలు, ఇంగ్లిషు పరీక్ష స్కోరు పంపాలి. జీఆర్‌ఈ పరీక్ష స్కోరు కొన్నిచోట్ల అడుగుతారు, కొన్నిచోట్ల అక్కర్లేదు. ఒక్కో దరఖాస్తుకు ఇంచుమించు వంద డాలర్లు. ఎనిమిదింటికి పెడితే 70 వేల రూపాయల పైనే చేతినుంచి పోతాయి. కొన్ని చోట్ల అడిగితే ఫీజు మాఫీ చేస్తారు. అడగడానికి మొహమాటపడకండి. నేను మొహమాటపడి అమ్మ చీటీ డబ్బులు కట్టాను.

దరఖాస్తులు చదివే కమిటీలో నేను రెండేళ్లు కూర్చున్నాను. పీహెచ్‌డీ అభ్యర్థుల్లో ముందుగా చూసేది గణితం. రియల్ అనాలిసిస్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ, వీటిలో మార్కులు ఎలా ఉన్నాయని. ఆ తర్వాత లేఖలు. ఇక్కడే మన పిల్లలు ఎక్కువగా దెబ్బతింటున్నారు, అందుకే కాస్త ఆగి చెప్తాను. మన వైపు ఒక అలవాటు ఉంది. "నువ్వే రాసుకుని రా, సంతకం పెడతాను" అంటారు. ఇరవై ఏళ్ల పిల్ల తన గురించి తాను ఏం రాసుకుంటుంది? తెలివైనది, కష్టపడుతుంది, క్రమశిక్షణ గలది. ఇలాంటి లేఖలు కమిటీ ముందుకు కుప్పలుగా వస్తాయి. వాటివల్ల చెడూ జరగదు, మంచీ జరగదు. మీరు మాష్టారి దగ్గరికి వెళ్లేటప్పుడు ఒక కాగితం తీసుకెళ్లండి. ఆయన క్లాసులో మీరు ఏ ప్రాజెక్టు చేశారు, ఎక్కడ చిక్కుపడ్డారు, ఎలా బయటపడ్డారు, ఏ ప్రశ్న అడిగితే ఆయన మర్నాడు జవాబు తెచ్చారు, అవన్నీ రాసి ఇవ్వండి. "మాష్టారూ, లేఖ మీ మాటల్లో రాయండి, గుర్తుకు రావడానికి ఇది" అనండి. చాలామంది రాస్తారు. నా మూడో లేఖ గడువు రోజు రాత్రి దాకా రాలేదు. ఆ రాత్రి మాష్టారి ఇంటి గుమ్మంలో చెప్పులు విడిచి నిలబడటం నాకు ఇప్పటికీ గుర్తే. నాలుగు వారాల ముందే అడగండి, వారం ముందు మళ్లీ గుర్తుచెయ్యండి.

ఇంకొక్క మాట, ఇది మన ప్రాంతం పిల్లలకే. సర్టిఫికెట్‌లో మీ ఇంటిపేరు చివర, ఆధార్‌లో ముందు, పాస్‌పోర్టులో ఇంకోలా ఉంటుంది. అవన్నీ ఒకేలా ఉండేట్టు ఇప్పుడే సరిచేయించుకోండి. సీటు వచ్చాక ఆ తిరుగుడు తిరగలేరు.

సరే, డిసెంబరులో అన్నీ పంపేశాం అనుకోండి. ఎదురుచూపు మొదలవుతుంది.

జనవరి చివర నాకు మొదటి 'రాలేదు' వచ్చింది. ఫిబ్రవరిలో ఇంకో రెండు. అక్కడ పగలంటే మనకు రాత్రి కాబట్టి మెయిళ్లు అర్ధరాత్రి వస్తాయి. ఫోను దిండు కింద పెట్టుకుని పడుకునేదాన్ని. పొద్దున్నే మేడ మీద అప్పడాలు ఆరేస్తూ అమ్మ అడిగేది, "ఏటే, ఏటైనా వచ్చిందా?" అని. లేదమ్మా అనాలంటే నోరు వచ్చేది కాదు. మూడో 'రాలేదు' వచ్చిన రోజు ప్రాబబిలిటీ పుస్తకం మూసి అలమరలో పెట్టేశాను. అన్నం ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు పట్టుకుంటే చాలంటారు కదా. నేను మూడు మెతుకులు చూశాను, నా అన్నం ఉడకలేదని తీర్పు ఇచ్చేసుకున్నాను.

స్టాటిస్టిక్స్ చదివినదాన్ని, ఆ తీర్పు ఎక్కడ తప్పో నాకు తట్టలేదు. మెతుకు పట్టి చూడటం ఎందుకు పనిచేస్తుంది? గింజలన్నీ ఒకే గిన్నెలో, ఒకే మంట మీద, ఒకే నీళ్లలో కలియబడి ఉడికాయి కాబట్టి. నేను పెట్టిన ఎనిమిది డిపార్ట్‌మెంట్లు ఒకే గిన్నె కాదు. ఒకచోట ఆ ఏడు బయోస్టాటిస్టిక్స్ వాళ్లకు నిధులు ఉండొచ్చు, ఇంకోచోట ప్రొఫెసర్ సెలవులో ఉండొచ్చు, మరోచోట తీసుకునేది ఏడుగురినే కావచ్చు. అమ్మ చెప్పింది కూడా ఇదే. పైన ఉన్న అప్పడం అడుగు సంగతి చెప్పదు. ముందుగా వచ్చిన జవాబులు వెనక రాబోయే జవాబుల సంగతి చెప్పవు.

కానీ ఇందులో రెండో వైపు కూడా ఉంది, అది దాచి మీకు ధైర్యం చెప్పడం తప్పు. ఒక్కోచోట సీటు వచ్చే అవకాశం నూటికి పది అనుకుందాం. 0.9ని ఎనిమిదిసార్లు గుణిస్తే 0.43 వస్తుంది. ఎక్కడా రాకపోయే అవకాశం అది. అంటే కనీసం ఒకచోట వచ్చే అవకాశం నూటికి 57. ఈ లెక్క విని చాలామంది "ఇంకో పదింటికి పెట్టేస్తే అయిపోతుంది" అనుకుంటారు. ఈ గుణకారం చెల్లాలంటే ఫలితాలు ఒకదానికొకటి ఇండిపెండెంట్, అంటే సంబంధం లేనివి, కావాలి. అవి కావు, ఎందుకంటే ఎనిమిది చోట్లకీ వెళ్లింది ఒకే ఫైలు. గిన్నెలు వేరైనా బియ్యం ఒకటే. అందులో ఒక లేఖ బలహీనంగా ఉంటే ఎనిమిది చోట్లా బలహీనమే. అందుకని ఒకటి రెండు చోట్ల రాకపోతే మీ గురించి ఏమీ తేల్చుకోకండి. అన్నిచోట్లా రాకపోతే మాత్రం ఏడ్చి ఊరుకోకుండా ఫైలు విప్పి చూడండి. అనాలిసిస్ కోర్సు ఉందా? ఎస్‌ఓపీ మొదటి పేరాలో "చిన్నప్పటి నుంచీ నాకు అంకెలంటే ఇష్టం" అని ఉందా? దాన్ని కొట్టేసి, మీరు చేసిన ఒక పని రాయండి.

ఇక మౌనం. జవాబు రాకపోవడాన్ని జవాబుగా తీసుకోకండి. వాట్సాప్ గ్రూపులో ఫలానావాళ్లకు వచ్చిందని తెలిసినప్పుడు గుండె గుభేలుమంటుంది. వచ్చినవాళ్లే చెప్తారు, ఎదురుచూస్తున్నవాళ్లు నోరు మెదపరు. మీకు కనిపించే శాంపిల్ పైనున్న అప్పడాలదే.

పుస్తకం మూసిన నేను మెయిల్ తెరవడం కూడా మానేశాను. మార్చిలో ఒక ప్రొఫెసర్ "పావుగంట మాట్లాడదామా" అని రాస్తే ఐదు రోజుల తర్వాత చూశాను. అక్కడ నాకు సీటు రాలేదు. ఆలస్యం వల్లేనా అంటే చెప్పలేను. కానీ ఆ ఐదు రోజులు నా చేతిలో ఉన్నవి, నేనే వదిలేశాను. అందుకే చెప్తున్నాను, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి మెయిల్ చూడండి, స్పామ్‌తో సహా. మిగతా సమయం పుస్తకం దగ్గర ఉండండి. ఆ టెన్షన్‌లో రోజుకు ఒక్క లెక్క చేసినా చాలు.

ఆఖరిది, ఏప్రిల్ 15. అమెరికాలో చాలా విశ్వవిద్యాలయాల మధ్య ఒక ఒప్పందం ఉంది. నిధులతో ఇచ్చిన సీటుకు ఆ తేదీకి ముందే జవాబు చెప్పమని విద్యార్థిని బలవంతం చెయ్యకూడదు. దానివల్ల ఏమవుతుందంటే, నాలుగు సీట్లు చేతిలో ఉన్నవాళ్లు మూడింటిని ఆఖరి వారం దాకా పట్టుకుంటారు. వాళ్లు వదిలితేనే వెయిటింగ్ లిస్టు కదులుతుంది. మీలో ఎవరికైనా రెండు సీట్లు వస్తే, ఏది కావాలో తేలిన రోజే రెండోదానికి వద్దని రాసెయ్యండి. ఆ మెయిల్ కోసం ఎక్కడో ఒక ఇంట్లో ఒక పిల్ల దిండు కింద ఫోను పెట్టుకుని ఉంటుంది.

ఆ ఏడు ఊళ్లో ఠాకురాణి అమ్మవారి యాత్ర సాగుతోంది. ఏప్రిల్ 13 సాయంత్రం ఘటాలు మా వీధి చివరికి వచ్చాయి, డప్పుల మోతకి ఇల్లంతా అదిరింది. అమ్మ పళ్లెం పట్టుకుని వెళ్లింది, నేను ఇంట్లో ఉండిపోయాను. రాత్రి పదకొండు దాటాక మెయిల్ వచ్చింది. 'మీరు వెయిటింగ్ లిస్టులో ఉన్నారు, ఒక సీటు ఖాళీ అయింది, ఇంకా ఆసక్తి ఉందా?' అని రెండు లైన్లు. అమ్మని లేపి చెప్తే ముందు అడిగింది ఫీజెంత అని. "ఫీజు లేదమ్మా, అక్కడ పిల్లలకు పాఠాలు చెప్తే వాళ్లే జీతం ఇస్తారు" అన్నాను. నమ్మలేదు. మర్నాడు పక్కింటి మాష్టారితో ఆ మెయిల్ చదివించుకుంది.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. ఆ నాలుగు నెలలు పిల్లల్ని రోజూ అడగకండి. వస్తే వాళ్లే పరుగెత్తుకొస్తారు.

టీ వచ్చినట్టుంది. తాగాక నేను ఆ కిటికీ పక్కన బల్ల దగ్గర ఉంటాను. ఎస్‌ఓపీ రాసినవాళ్లు తీసుకురండి, సగం రాసిందైనా సరే, తెలుగులో రాసుకున్నదైనా సరే. ఎనిమిదింటిదాకా ఉంటాను.