ఎన్నో పేజీలో ఉన్నారు?

అందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున్నే, ఇంత ఎండలో, ఇంట్లో పనులు పక్కన పెట్టి చిక్కడపల్లి దాకా వచ్చారు. చాలా సంతోషం. కొత్త ముఖాలు కూడా కనిపిస్తున్నాయి. వెనకాల నిలబడ్డవాళ్లు ముందుకొచ్చి కూర్చోండి, కింద చాపలు వేశాం.

ప్రతి నెలా రెండో ఆదివారం మనం ఇక్కడ చేరి, ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారో, అది ఎలా ఉందో చెప్పుకుంటున్నాం కదా. ఈసారి మొదట కాసేపు నన్ను మాట్లాడమన్నారు. ముప్పయి రెండేళ్లు బడిలో తెలుగు చెప్పినదాన్ని. అయినా ఇవాళ పాఠం చెప్పను. నా మనసులో ఉన్నది ఒక్కటే. పుస్తకం గురించి మాట్లాడటానికి అది పూర్తయ్యేదాకా ఆగకండి. చేతిలో ఉండగానే, సగంలో ఉండగానే మాట్లాడండి. ఈ మాట నాకు ఎవరూ నేర్పలేదు. నేను చేసిన ఒక తప్పు నేర్పింది.

చాలా ఏళ్ల కిందటి మాట. ఏడో తరగతి పిల్లలకు దసరా సెలవుల్లో తలా ఒక కథల పుస్తకం ఇచ్చి, చదివి అభిప్రాయం రాసుకు రమ్మన్నాను. సెలవులయ్యాక నలభై నోటుపుస్తకాలు నా బల్ల మీదికి వచ్చాయి. దాదాపు అన్నింట్లోనూ ఒకటే: ‘ఈ పుస్తకం చాలా బాగుంది. ఇందులో మంచి నీతి ఉంది. దీన్ని అందరూ చదవాలి.’ కొందరైతే వెనక అట్ట మీది మాటలు ఉన్నవి ఉన్నట్టు దించేశారు. ఒక్క అమ్మాయి మాత్రం నాలుగు ముక్కలు రాసింది. ‘నేను ఇంకా 30వ పేజీలోనే ఉన్నాను టీచర్. వాళ్లింట్లో కుక్కకు జబ్బు చేసింది. చచ్చిపోతుందేమోనని భయమేసింది. అందుకే ముందుకు చదవలేదు.’

ఆ పేజీ కింద ఎర్ర సిరాతో ‘అసంపూర్తి’ అని రాశాను. పదికి మూడు మార్కులు వేశాను. ‘చాలా బాగుంది’ అన్నవాళ్లకు ఏడూ ఎనిమిదీ వేశాను. ఆ నలభై మందిలో పుస్తకాన్ని నిజంగా చదివింది ఆ పిల్లే అని నాకు తెలిసి రావడానికి పదేళ్లు పట్టింది. ఒక కథలో కుక్క కోసం భయపడి పుస్తకం మూసేసింది. అంతకంటే నిజమైన అభిప్రాయం ఇంకేం కావాలి? ఆ పిల్ల ఇప్పుడు ఎక్కడుందో తెలియదు. కనిపిస్తే ఆ మార్కులు నా చేత్తో దిద్దాలని ఉంది.

పూర్తిగా చదివితేనే నోరు విప్పాలన్న పట్టింపు మనకు ఎప్పుడు వచ్చిందో గానీ, మన పెద్దవాళ్లకు అది లేదు. రాత్రిళ్లు గుడి మంటపంలో పురాణం చెప్పేవారు. ద్రౌపదిని సభలోకి ఈడ్చుకొచ్చే చోట ఆపేస్తే, తెల్లారి బావి దగ్గర ఆడవాళ్లు ఏం మాట్లాడుకునేవారు? పర్వాలన్నీ అయ్యాక మాట్లాడదాం అనుకునేవారా? భీష్ముడు నోరెందుకు మెదపలేదని అప్పుడే తిట్టిపోసేవారు. అంతెందుకు, తెలుగు భారతమే చాలాకాలం అసంపూర్తిగా ఉంది. నన్నయ్య గారు అరణ్యపర్వం మధ్యలో, శారద రాత్రుల పద్యాల దగ్గర ఆగిపోయారు. తిక్కన గారు విరాటపర్వంతో అందుకున్నారు. నడుమ మిగిలిపోయిన భాగాన్ని ఎర్రన గారు పూరించారు. పదకొండో శతాబ్దం నుంచి పద్నాలుగో శతాబ్దం దాకా నడిచిన పని అది. ఆ మధ్యకాలంలో పుట్టి పెరిగినవాళ్లు, తెలుగులో ఆ ఖాళీతోనే భారతాన్ని చదివారు, విన్నారు, ప్రేమించారు.

నా చిన్నప్పటి సంగతి చెప్తాను. మేం కాచిగూడలో ఉండేవాళ్లం. ఒకే వాకిలి, నాలుగు వాటాలు. నలుగురూ తలా కాస్త వేసుకుని ఒక వారపత్రిక తెప్పించేవారు. సీరియల్ ఎవరు ముందు చదవాలన్నది వంతు ప్రకారం. సాయంత్రానికి నాలుగు ఇళ్లూ చదివేసేవి. ఇక మళ్లీ వారం దాకా వాదనే వాదన. బియ్యం ఏరుకుంటూ, పూలు కట్టుకుంటూ, ఆ పిల్ల వాణ్ని చేసుకుంటుందా, చేసుకుంటే ఏమవుతుంది, అసలు వాడి మాట నమ్మొచ్చా అని. మా అమ్మ ఒకటి అంటే పక్క వాటా పిన్నిగారు ఇంకోటి అనేవారు. తరవాతి వారం పత్రిక వచ్చాక ఇద్దరి మాటా తప్పయ్యేది. అయినా మళ్లీ మొదలు. సీరియల్ అయిపోయాక అమ్మ ఆ కాగితాలన్నీ జాగ్రత్తగా చింపి, వరసగా పెట్టి, దబ్బనంతో గుచ్చి పురికొసతో కుట్టేది. అట్టకి పాత క్యాలెండర్ కాగితం. అలాంటివి మా ఇంట్లో ట్రంకు పెట్టె నిండా ఉండేవి. ఇప్పుడు అనిపిస్తుంది, అమ్మ ఆ పుస్తకాలను కుట్టాక మళ్లీ పెద్దగా చదవలేదు. ఆవిడకు ఆ నవలలు జరిగింది వాకిట్లోనే, వారం వారం, పిన్నిగారితో.

పుస్తకం చుట్టూ మనుషులు చేరడం మన హైదరాబాదుకు కొత్తేం కాదు. 1901 సెప్టెంబరు 1న, ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం కాలంలో, రావిచెట్టు రంగారావు, కొమర్రాజు లక్ష్మణరావు, మునగాల రాజా నాయని వెంకట రంగారావు గార్లు కలిసి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం అనే గ్రంథాలయం పెట్టారు. సుల్తాన్ బజార్‌లో ఇప్పటికీ ఉంది. చూడనివాళ్లుంటే కోఠీ వెళ్లినప్పుడు ఒక్కసారి లోపలికి వెళ్లి రండి. వట్టికోట ఆళ్వారుస్వామి గారు 1938లో దేశోద్ధారక గ్రంథమాల మొదలుపెట్టి, పుస్తకాలు అచ్చువేసి, మోసుకుంటూ తిరిగి అమ్మారు. తెలుగు చదవడమే కష్టమైన రోజుల్లో వాళ్లు పుస్తకాన్ని మన గుమ్మం దాకా తెచ్చారు. ఈ రోజు మనకు పుస్తకాలకు కొదవ లేదు. డిసెంబరులో బుక్ ఫెయిర్‌కు వెళ్తే రెండు చేతుల్లో సంచులతో బయటికొస్తాం. ఆ సంచుల్లోవి మార్చి నాటికి ఎన్ని చదివాం? సగం చదివి ఆపినవాటి గురించి ఎవరికైనా చెప్పామా? చెప్పం. సిగ్గు. ‘చదువుతున్నాను, అయ్యాక చెప్తాను’ అంటాం. ఆ పుస్తకం అవదు, ఆ మాటా బయటికి రాదు.

పోయిన ఏడు ఇదే హాల్లో జరిగింది మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. డాక్టర్ పి. శ్రీదేవి గారి ‘కాలాతీత వ్యక్తులు’ మాటకు వచ్చింది. 1957లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చిన నవల. మన వీధిలోని సిటీ సెంట్రల్ లైబ్రరీలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే ఒక అమ్మాయి లేచి, ‘నేను 60వ పేజీలో ఉన్నాను. ఇందిర నాకు నచ్చలేదు. మనుషులను తనకు కావలసినట్టు వాడుకుంటోంది’ అంది. ఇందిర అంటే ఆ నవలలో ఉద్యోగం చేసి తండ్రిని పోషించే అమ్మాయి. వెంటనే మన పెద్దాయన ఒకరు, బ్యాంకులో చేసి రిటైరయినాయన, ‘సరిగ్గా చెప్పావమ్మా, నేను నలభై ఏళ్ల కిందట చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది’ అన్నారు.

మరుసటి నెల ఆ అమ్మాయి మళ్లీ వచ్చింది. ‘నూటముప్పయి పేజీలు దాటాను. పోయిన నెల నేనన్నది వెనక్కి తీసుకుంటున్నాను సార్’ అంది. ఆయనతోనే అంది. ‘ఇంట్లో జీతం తెచ్చేది తనొక్కతే. ఆ ఇల్లు దాటి బయటపడాలనుకోవడం తప్పా? నేనూ ఊళ్లో అమ్మా నాన్నలను వదిలేసి వచ్చి ఇక్కడ హాస్టల్లో ఉంటున్నాను. నన్నూ ఊళ్లో ఇలాగే అంటున్నారు. అందుకే నాకు ఆమె మీద కోపం వచ్చిందేమో.’

హాలంతా నిశ్శబ్దం. ఆ పెద్దాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తరవాత లేచి, ‘అమ్మా, నేను పుస్తకం మొత్తం చదివాను. కానీ నా అభిప్రాయం మాత్రం 60వ పేజీ దగ్గరే ఆగిపోయింది. మళ్లీ చదువుతాను’ అన్నారు. చదివారు కూడా.

ఇంట్లోనో కాలేజీలోనో ఒకసారి పూర్తి చేసి, ‘అది గొప్ప పుస్తకం’, ‘అది చెత్త’ అని ముద్ర వేసి బీరువాలో పెట్టేసినవి మనందరికీ ఉన్నాయి. ఆ ముద్ర ఎన్నో పేజీలో పడిందో మనకే గుర్తుండదు. చదువుతూ చదువుతూ చెప్పినమాట అలా కాదు. రేపు మారుతుందని చెప్పేవాళ్లకూ తెలుసు, వినేవాళ్లకూ తెలుసు. అందుకని మారినప్పుడు నామోషీ ఉండదు.

ఇక్కడ ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. ‘బాగుంది’ అన్నమాట దగ్గర ఆగకండి. కూర బాగుంది, చీర బాగుంది, పుస్తకం బాగుంది. ఎలా బాగుంది? ఆ పేజీ తెరిచి నాలుగు వాక్యాలు పైకి చదవండి. మీ గొంతులో ఆ నాలుగు వాక్యాలు విన్నాక మాకే తెలుస్తుంది మీకు ఎక్కడ తగిలిందో. నచ్చకపోతే అది కూడా పేజీ నంబరుతో సహా చెప్పండి. రాసినవాళ్లు మన ఊరివాళ్లే, రేపు రవీంద్రభారతిలోనో త్యాగరాయ గానసభలోనో ఎదురుపడతారు అన్న మొహమాటం వద్దు. పుస్తకావిష్కరణ సభల్లో అందరూ పొగిడి వెళ్లిపోయాక, రాసినాయనకు మిగిలేది శాలువా ఒక్కటే. ‘మీ నవలలో 90వ పేజీ దగ్గర నాకు విసుగొచ్చింది, ఎందుకంటే...’ అని చెప్పే పాఠకుడు దొరికితే ఆయనకు అంతకంటే గౌరవం లేదు. నేను మనస్ఫూర్తిగా నమ్మి అంటున్నాను. కథ మాత్రం చివరిదాకా చెప్పేయకండి. పక్కవాళ్లు చదవాలి కదా.

ఇంకో సంగతి. తెలుగు మాట్లాడటం వచ్చి, చదవడం రానివాళ్లు ఈ ఊళ్లో చాలామంది తయారయ్యారు. వాళ్ల తప్పు కాదు, మనం పంపిన బడులు అలాంటివి. మాదాపూర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కుర్రాడు ఒకడు మొదటిసారి వచ్చినప్పుడు గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. ‘మేడమ్, నాకు తెలుగు చదవరాదు. లోపలికి రావచ్చా?’ అన్నాడు. ఆ మాటకు నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. రమ్మన్నాం. మూడు నెలలు ఊరికే విన్నాడు. నాలుగో నెల లేచి, ‘నేను కూడా ఒక పుస్తకం చదువుతున్నాను’ అన్నాడు. ఏమిటా అంటే, నల్గొండ దగ్గర ఊళ్లో వాళ్ల నానమ్మ ఉంది. ఆవిడకు చదవడం వచ్చు. ఇతను పుస్తకం కొని ఊరికి పంపాడు. రోజూ రాత్రి ఆవిడ ఫోన్లో పావుగంట చదివి వినిపిస్తుంది. మధ్యలో ఆపి, ‘వీడు మంచోడు కాదురా, చూస్తుండు’ అంటుంది. ఇతను కాదంటాడు. అలా రెండు వందల పేజీలు అయ్యాయి. ఇప్పుడు అతను ఇక్కడ మాట్లాడినప్పుడల్లా రెండు అభిప్రాయాలు చెప్తాడు. ఒకటి తనది, ఒకటి నానమ్మది. అక్షరాలు కూడా మొదలుపెట్టాడు. పోయిన నెల బస్సు మీది బోర్డు చదివానని చెప్పాడు.

సరే, నా వంతు చెప్పి కూర్చుంటాను. నేను ఇప్పుడు చదువుతున్నది దాశరథి రంగాచార్య గారి ‘చిల్లర దేవుళ్లు’. ఇరవై ఏళ్లప్పుడు ఒకసారి చదివాను. ఆ కాపీ ఎవరికో ఇచ్చాను, తిరిగి రాలేదు. రెండు నెలల కిందట అబిడ్స్‌లో, ఆదివారం ఫుట్‌పాత్ మీద పరిచే పుస్తకాల్లో, ఇది కనిపించింది. అరవై రూపాయలు. ఇదిగో. అట్ట ఊడిపోతుంటే టేపు వేశాను.

ఇంటికెళ్లి తెరిస్తే, లోపల అంతా పెన్సిలు గీతలు. ఎవరో నాకంటే ముందు చదివారు. చాలా సన్నటి అక్షరాలు. గడీలో, అంటే దొర ఉండే కోటలాంటి ఇంట్లో, దొర ముందు జనం చేతులు కట్టుకుని నిలబడే చోట పక్కన ‘మా ఊళ్లో కూడా ఇంతే’ అని ఉంది. గడీల్లో దాసీలుగా బతికిన ఆడబాపల గురించి వచ్చే చోట ఏమీ రాయలేదు. పేరా పొడుగునా ఒక నిలువు గీత, పెన్సిలు అక్కడ గట్టిగా నొక్కారు, కాగితం వెనక్కి తేలింది. వేలితో తడిమితే తెలుస్తుంది. ఇంకోచోట ఒక మాట చుట్టూ సున్నా చుట్టి, ‘అవ్వ ఇట్లనే అంటుండె’ అని రాశారు. ఆ పాఠకులు ఆడవాళ్లో మగవాళ్లో తెలియదు. ఉన్నారో లేరో తెలియదు. రోజూ రాత్రి ఇద్దరం కలిసి చదువుకుంటున్నట్టే ఉంది. కొన్నిచోట్ల నేను కూడా వాళ్లకు జవాబు రాశాను, పెన్సిలుతోనే.

నాలుగు రోజుల కిందట ఊరికే ముందుకు తిప్పి చూశాను. 74వ పేజీ తరవాత గీతల్లేవు. ఒక్కటీ లేదు. పుస్తకం చివరిదాకా తెల్లగా ఉంది. వాళ్లు అక్కడ ఎందుకు ఆపారో తెలియదు. ఊరు మారారో, పెన్సిలు పోయిందో, ఇంకేమైనా అయిందో.

నేను ఇప్పుడు 71వ పేజీలో ఉన్నాను. నాలుగు రోజులుగా అక్కడే ఉన్నాను.

నాది అయింది. మైకు ముందుకు ఇవ్వండి. ఆ కిటికీ పక్కన నీలం చీరలో ఉన్నారు చూడండి, మీరేనమ్మా. ఇందాకటి నుంచి పుస్తకంలో వేలు పెట్టుకుని కూర్చున్నారు. ఏం పుస్తకం అది? ఎన్నో పేజీలో ఉన్నారు?