పళ్ళు తెల్లబడటానికి కిట్, ట్రే, గంట బ్లీచింగ్: మా ఇంట్లో ఏది పని చేసింది?

అందరికీ నమస్కారం అండీ. ముందు ఈ రెండు ఫొటోలు చూడండి. రెండూ నా పళ్ళే. ఒకే కుర్చీలో, ఒకే లైటు కింద, ఐదు వారాల తేడాతో తీసినవి. మొదటి దాంట్లో నా ముందు పన్ను పక్కన డాక్టర్ గారు ఒక పింగాణీ పన్ను పట్టుకున్నారు, కనిపిస్తోందా? దాని మీద ఏ3.5 అని రాసి ఉంది. డెంటిస్టుల దగ్గర ఇలాంటి 16 రంగుల పళ్ళ సెట్టు ఉంటుంది, షేడ్ గైడ్ అంటారు. పెయింట్ల షాపులో రంగుల కార్డు చూపిస్తారు చూడండి, అలాంటిదే. ఇప్పుడు రెండో ఫొటో చూడండి. పక్కన పెట్టింది ఏ2, అంటే ఏ3.5 కంటే తెల్లటి రంగు. తేడా మీకే తెలుస్తోంది.

ఈ రెండు ఫొటోల కంటే ముందు ఒక కిట్ కొని ఇబ్బంది పడ్డాను. ముందు ఆ సంగతి చెప్తాను. ఏ కంపెనీ వాళ్ళూ నాకు డబ్బులివ్వలేదు. అన్నీ సొంత ఖర్చుతో చేయించుకున్నవే.

ఆన్‌లైన్‌లో 1,499 రూపాయలకు ఎల్‌ఈడీ కిట్ కొన్నాను. పెట్టెలో నోట్లో పెట్టుకునే రబ్బరు ముక్క, దానికి నీలం లైటు, మూడు సిరంజీల జెల్ ఉన్నాయి. జెల్ రాసి, రబ్బరు కరిచిపట్టి, లైటు వేసుకుని రోజుకు పదహారు నిమిషాలు కూర్చోవాలి. నాలుగో రోజు నోరు కడుక్కుని అద్దంలో చూసుకుంటే పై చిగురు అంచు సున్నం పూసినట్టు తెల్లగా పాలిపోయి ఉంది. ఇక్కడి నుంచి ఇక్కడి దాకా. కాసేపటికి మంట మొదలైంది, ఆ పూట అన్నంలో చారు కూడా పోసుకోలేకపోయాను. రెండు రోజుల్లో తగ్గింది కానీ, తగ్గేదాకా ఒకటే టెన్షన్.

ఎందుకలా అయిందో తర్వాత డాక్టర్ గారు చెప్తే అర్థమైంది. అందరి నోటికీ ఒకటే సైజు రబ్బరు ముక్క ఇస్తే అది ఎవరి పళ్ళకీ సరిగ్గా పట్టదు. పక్కల నుంచి జెల్ జారి చిగుళ్ళ మీదకు వెళ్తుంది. ఆ జెల్‌లో ఉండేది పెరాక్సైడ్ అనే తెల్లబరిచే రసాయనం, చిగుళ్ళకు తగిలితే కాలుస్తుంది. ఆ నీలం లైటు సంగతి కూడా అడిగాను. పని చేసేది జెల్లే, ఇంటి కిట్లలో ఇచ్చే లైటు వల్ల పెద్దగా ఒరిగేది లేదన్నారు. నాకు అన్నిటికన్నా బాధనిపించింది ఇంకొకటి. ఆ పెట్టె మీద జెల్‌లో పెరాక్సైడ్ ఎంత శాతమో ఎక్కడా రాసి లేదు. యూరోపియన్ యూనియన్‌లో 2011 నాటి నిబంధన ప్రకారం 0.1 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ దాటిన జెల్‌ను జనానికి నేరుగా అమ్మకూడదు. అంతకంటే ఎక్కువ, 6 శాతం దాకా ఉన్నది డెంటిస్టు ద్వారానే ఇవ్వాలి, మొదటిసారి వాళ్ళ పర్యవేక్షణలోనే మొదలుపెట్టాలి. అది గుర్తుపెట్టుకోండి. శాతం రాయని జెల్ నోట్లో పెట్టుకోవద్దు.

ఇక నిమ్మకాయ, వంటసోడా. ఈ మాట ప్రతి ఇంట్లోనూ వినిపిస్తుంది కాబట్టి కాస్త ఆగి చెప్తాను. మన పంటికి పైన ఎనామిల్ అని గట్టి పొర ఉంటుంది. అది కొంచెం గాజులాగా, వెలుతురు లోపలికి వెళ్ళేలా ఉంటుంది. దాని కింద డెంటిన్, అది పుట్టుకతోనే పసుపు రంగు. పైపొర మందంగా ఉన్నంతకాలం పసుపు అంతగా కనిపించదు. వయసు పెరిగేకొద్దీ పైపొర అరుగుతుంది, కింది పసుపు బయటపడుతుంది. ఇప్పుడు ఆలోచించండి. పచ్చి చింతకాయ కొరికితేనే పళ్ళు పులుస్తాయి కదా? అలాంటిది నిమ్మరసం పళ్ళకు పట్టించి, ఆ పులుపుకు మెత్తబడిన పైపొరను సోడాతో బరబరా రుద్దితే ఏమవుతుంది? మొదటి రోజు పైనున్న టీ మరక పోయి తెల్లగా కనిపిస్తుంది. ఆర్నెల్లు చేస్తే పొరే అరిగిపోతుంది. తెల్లబడాలని మొదలుపెట్టిన పని పళ్ళను ఇంకా పచ్చగా చేస్తుంది. పైగా అరిగిన ఎనామిల్ మళ్ళీ పెరగదు. బొగ్గు పొడి పేస్టులదీ ఇదే తంతు. మా అమ్మమ్మ కచ్చిక బొగ్గుతో తోముకునేది, అరవై ఏళ్ళు వచ్చేసరికి ఆమె ముందు పళ్ళు ఎంత అరిగి ఉండేవో నాకు బాగా గుర్తు.

కొన్ని వైట్‌నింగ్ పేస్టుల్లో నీలం రంగు పదార్థం వేస్తారు. తెల్ల చొక్కాకు నీలిమందు పెడతాం చూడండి, అదే లెక్క. పసుపును కాసేపు కప్పేస్తుంది. హాని లేదు కానీ అది తాత్కాలికమే.

చిగురు కాలాక డెంటిస్టు దగ్గరికి వెళ్ళాను. ఆయన నా నోరు చూసి బ్లీచింగ్ మాట ఎత్తకుండా, ముందు క్లీనింగ్ చేయించుకోండి అన్నారు. పళ్ళ వెనక, సందుల్లో గార పేరుకుంది. రోజుకు నాలుగు టీలు తాగే అలవాటు నాది, ఆ మరకలన్నీ ఆ గార మీదే పట్టాయి. 1,200 రూపాయలు, నలభై నిమిషాల పని. అది అయ్యాకే సగం తేడా కనిపించింది. క్లీనింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయని మన ఊళ్ళల్లో భయపడతారు. పళ్ళను కదిలించేది గార. అది చిగురును, కింది ఎముకను తినేస్తుంది. అప్పటికే కదులుతున్న పన్ను గార తీసేసరికి కదులుతున్నట్టు తెలుస్తుంది, అంతే. టీ, కాఫీ, కిళ్ళీ, సిగరెట్, ఐరన్ సిరప్, క్లోర్‌హెక్సిడిన్ ఉన్న మౌత్‌వాష్, ఇవన్నీ ఎక్కువగా పైపైన పట్టే మరకలే. మీ మరక ఇలాంటిదైతే క్లీనింగ్‌తోనే పని అయిపోవచ్చు, బ్లీచింగ్‌కు డబ్బులు పెట్టనక్కర్లేదు.

నాకు లోపలి పసుపు మిగిలింది. అందుకు ట్రే తీసుకున్నాను. ఇదిగో, ఇదే. పల్చటి ప్లాస్టిక్, నా పళ్ళ అచ్చు తీసి, దాని మీద చేసినది. చూడండి, చిగురు దగ్గర ఎలా వంపు తిరిగి ఆగిపోయిందో. నా పళ్ళకు తప్ప ఇంకెవరికీ పట్టదు. దీంతో 10 శాతం కార్బమైడ్ పెరాక్సైడ్ జెల్ ఇచ్చారు. అది నోట్లో విడిపోతే దాదాపు 3.5 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ అవుతుంది, అంటే మెల్లగా పని చేసే రకం. అన్నీ కలిపి 7,000 అయింది.

ఈ పద్ధతి పుట్టిన కథ నాకు చాలా నచ్చింది. 1960ల చివర్లో అమెరికాలోని ఆర్కన్సా రాష్ట్రంలో బిల్ క్లస్మయర్ అనే ఆర్థోడాంటిస్టు, అంటే పళ్ళ వరస సరిచేసే డాక్టరు, చిగుళ్ళ వాపు తగ్గడానికని పేషెంట్ల ట్రేలో ఒక యాంటీసెప్టిక్ మందు వేసి ఇచ్చేవారు. చిగుళ్ళు బాగుపడ్డాయి, దాంతోపాటు పళ్ళు కూడా తెల్లబడ్డాయి. ఆ మందులో ఉన్నది ఈ కార్బమైడ్ పెరాక్సైడే. 1989లో హేవుడ్, హేమన్ అనే ఇద్దరు దంతవైద్యులు దీని మీద పరిశోధన పత్రం ప్రచురించాక ప్రపంచమంతా వాడకంలోకి వచ్చింది.

వాడేది ఇలా. రాత్రి పళ్ళు తోముకుని, ట్రేలో ఒక్కో పంటి ముందు భాగంలో మిరియం గింజంత జెల్ పెట్టాలి. ఎక్కువ పెడితే తొందరగా తెల్లబడవు, చిగుళ్ళ మీదకు పొంగుతుంది. పళ్ళకు తొడుక్కుని, పొంగినది వేలితో తుడిచేసి పడుకోవాలి. ఐదో రోజు నుంచి మంచినీళ్ళు తాగినా జివ్వుమంది. ఫోన్ చేస్తే ఒక రాత్రి ఆపి, ఆ రోజు ట్రేలో పొటాషియం నైట్రేట్ ఉన్న సెన్సిటివిటీ పేస్టు వేసి పావుగంట పెట్టుకోమన్నారు. తగ్గింది. తర్వాత రోజు విడిచి రోజు వాడాను. వాడినన్నాళ్ళూ టీ మానేశాను. పసుపు వేసిన కూరలు, పులుసులు, నేరేడు పళ్ళు కూడా తగ్గించి ఇడ్లీ కొబ్బరి చట్నీతో, పెరుగన్నంతో గడిపాను. అక్కడికి ఐదు వారాలు. నా ఓటు దీనికే. ట్రే దాచుకుంటే ఏడాదికో రెండేళ్ళకో జెల్ ఒక్కటే కొనుక్కుని కొన్ని రాత్రులు వాడితే సరిపోతుంది.

మా చెల్లి క్లినిక్‌లో చేయించుకుంది, 12,000. జెల్ తగలకుండా చిగుళ్ళ మీద ద్రవంలాంటిది రాసి లైటుతో గట్టిపరిచి, బలమైన జెల్ మూడుసార్లు రాశారు. గంటలో తేడా వచ్చిన మాట నిజం. కానీ ఆ రాత్రి ఉండుండి పంట్లో కరెంటు తగిలినట్టు కొట్టిందట, ఒక్క రోజులో సర్దుకుంది. బ్లీచింగ్ అయిన వెంటనే పళ్ళు ఎండిపోయి ఉంటాయి కాబట్టి అసలు కంటే తెల్లగా కనిపిస్తాయి, వారం పది రోజుల్లో కొంచెం రంగు దిగుతుంది. అందుకని పెళ్ళికి ముందు రోజు పెట్టుకోకండి, కనీసం రెండు వారాల ముందు చేయించుకోండి. చెల్లికి ఇంకో ఇబ్బంది వచ్చింది. తన ముందు పంటికి క్యాప్ ఉంది. క్యాప్, పుచ్చు పంట్లో నింపిన సిమెంటు బ్లీచింగ్‌కు రంగు మారవు. చుట్టూ పళ్ళు తెల్లబడేసరికి ఆ ఒక్కటీ పచ్చగా మిగిలింది. చివరికి క్యాప్ మార్పించాల్సి వచ్చింది. ఈ సంగతి ముందే ఎవరూ చెప్పలేదు. మీకు క్యాప్ ఉంటే మొదటి మాటగా ఇదే అడగండి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లలు బ్లీచింగ్ జోలికి వెళ్ళొద్దు. పుచ్చు పళ్ళుంటే ముందు అవి బాగు చేయించుకోవాలి. ఒక్క పన్నే నల్లబడితే లోపల నరం చచ్చిపోయిందేమో ఎక్స్‌రే తీయించండి.

ఇక మా వదిన సంగతి. నిజానికి ఈ వీడియో చేయాలని అనుకున్నది ఆమె వల్లే. వదిన వాళ్ళది నల్గొండ జిల్లా. ముందు పళ్ళ మీద సుద్ద లాంటి తెల్ల చారలు, మధ్యలో గోధుమ రంగు మచ్చలు. పెళ్ళి ఆల్బమ్ మొత్తం తిరగేసినా నోరు తెరిచి నవ్విన ఫొటో ఒక్కటి లేదు. కాలేజీలో ఒకరు, పళ్ళు తోముకోవా అని అడిగారట. అది మురికి కాదండీ. ఫ్లోరోసిస్. చిన్నప్పుడు చిగుళ్ళ లోపల పళ్ళు తయారవుతున్న వయసులో తాగిన నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ ఉంటే ఎనామిలే అలా ఏర్పడుతుంది. ఎంత తోమినా పోదు. మన దేశంలో దీన్ని మొదట 1937లో అప్పటి నెల్లూరు జిల్లాలో గుర్తించారు. నల్గొండ, ప్రకాశం జిల్లాల్లో ఎన్ని ఇళ్ళల్లో ఈ పళ్ళున్నాయో మీకు తెలుసు.

వదిన నా ట్రే చూసి తనకూ కావాలంది. డాక్టర్ గారు వద్దన్నారు. బ్లీచ్ చేస్తే మొదట్లో ఆ తెల్ల చారలు ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తాయట. ఆమెకు మైక్రోఅబ్రేషన్ అనే పద్ధతి చెప్పారు. ప్రత్యేకమైన పేస్టుతో మచ్చలున్న పైపొరను చాలా సన్నగా, కొలతగా తీయడం. అది డాక్టరే చేయాలి, ఇంట్లో ఎవరూ ప్రయత్నించకండి. మచ్చ లోతుగా ఉంటే రెజిన్ అనే పంటి రంగు పదార్థం నింపడం, ఇంకా ఎక్కువైతే వెనీర్ అని పల్చటి పొర అతికించడం ఉంటాయి. మొదట రెండు పళ్ళకే చేసి చూశారు. తన అనుమతితో ఆ ఫొటో పెడుతున్నాను. గోధుమ రంగు దాదాపు పోయింది. తెల్ల చారలు కొంచెం ఉన్నాయి, వాటికి వచ్చే నెల రెజిన్ వేస్తామన్నారు.

ఆ రోజు కుర్చీలోంచి లేచి వదిన అడిగిన మొదటి ప్రశ్న తన పళ్ళ గురించి కాదు. మా పాపకు నాలుగేళ్ళు, దానికి రాకుండా ఏం చేయాలి అని. ఎనిమిదేళ్ళ దాకా జాగ్రత్తగా ఉండాలన్నారు డాక్టర్ గారు. లీటరు నీళ్ళలో ఫ్లోరైడ్ 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. మీ ఇంట్లో ఆ వయసు పిల్లలుండి, బోరు నీళ్ళు తాగుతుంటే, మీ పళ్ళ సంగతి తర్వాత, ముందు ఒక సీసాలో ఆ నీళ్ళు పట్టి టెస్టుకు పంపండి. వదిన వాళ్ళ బోరు నీళ్ళు మొన్న సోమవారమే పంపాం.