రిజిస్టర్ చేయించని కథకు హక్కు ఉంటుందా? కాపీరైట్‌పై శ్రోతల సందేహాలు

వ్యాఖ్యాత: మొదటి శ్రోత గుంటూరు నుంచి మాట్లాడుతున్నారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్కారమండీ. వారపత్రికలో అచ్చయిన నా కథను ఒక యూట్యూబ్ ఛానల్ వారు నన్ను అడగకుండా, నా పేరైనా చెప్పకుండా చదివి వినిపించారు. రిజిస్టర్ చేయించలేదు కనుక అడిగే హక్కు నాకు లేదని మా ఇంట్లో అంటున్నారు.

న్యాయవాది: అది నిజం కాదమ్మా. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం మీరు కథను రాసిపెట్టినప్పుడే హక్కు వచ్చేసింది. దానిని చదివి ప్రసారం చేయాలన్నా అనుమతి కావాలి. పేరు తీసివేయడం మరో తప్పు. రచయితగా గుర్తింపు పొందే హక్కు, మిగతా హక్కులను అమ్ముకున్న తరువాత కూడా, 57వ సెక్షన్ కింద మీకే ఉంటుంది.

శ్రోత: అయితే రిజిస్టర్ చేయించకపోయినా ఫరవాలేదా అండీ? ఢిల్లీకి పంపాలని ఎవరో చెప్పారు.

న్యాయవాది: ఇప్పుడే చెప్పాను కదమ్మా, తప్పనిసరి కాదు. వివాదం కోర్టుకు వెళితే ఆ నమోదు ప్రాథమిక సాక్ష్యంగా పనికివస్తుంది, అంతే. కావాలంటే 500 రూపాయల రుసుముతో ఆన్‌లైన్‌లోనే దరఖాస్తు చేసుకోవచ్చు. అచ్చయిన సంచికను భద్రపరచి, ముందుగా యూట్యూబ్‌కే కాపీరైట్ ఫిర్యాదు పంపండి. ఇంతకీ పత్రికవారికి ఏమైనా సంతకం చేసి ఇచ్చారా?

శ్రోత: ఇది నా సొంత రచనేనని హామీపత్రం ఇచ్చానండీ.

న్యాయవాది: అందులో హక్కులు పత్రికవేనన్న వాక్యం లేకపోతే అది బదిలీ కాదు. బదిలీ రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. గడువు రాయకపోతే ఐదేళ్లకే, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే వర్తిస్తుంది. అందుకే చదవకుండా సంతకం పెట్టవద్దని ప్రతి వారం మొత్తుకుంటాను.

శ్రోత: మరి ఆ ఛానల్ వారు రిజిస్ట్రేషన్ నంబరు అడిగితే...

న్యాయవాది: అడగనివ్వండమ్మా! సంచిక చూపించండి. ఆ హామీపత్రం నకలు తీసి మరొకసారి చదవండి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. వరంగల్ నుంచి మరొకరు.

శ్రోత: సార్, 1963లో కాలం చేసిన మా తాతగారి పద్యాలను ఇప్పుడు ఎవరైనా అచ్చు వేసుకోవచ్చా?

న్యాయవాది: ఆయన జీవించి ఉండగా అచ్చయినవైతే వేసుకోవచ్చు, మరణం తరువాతి 60 ఏళ్ల గడువు 2023 డిసెంబరు 31తో ముగిసింది. మరణించాక అచ్చయినవైతే, మొదట ప్రచురించిన సంవత్సరం నుంచి లెక్క వేయాలి.

వ్యాఖ్యాత: చివరి శ్రోత, క్లుప్తంగా అడగండి.

శ్రోత: సార్, నేను నోటితో చెప్పిన ఆలోచనతో ఒక దర్శకుడు సినిమా తీస్తున్నారు.

న్యాయవాది: ఆలోచనకు కాపీరైట్ లేదు బాబూ. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు ఆ మాటే చెప్పింది. సన్నివేశాలతో సహా రాసి, తేదీ తెలిసేలా ఈమెయిల్‌లో పంపిన తరువాతే ఎవరికైనా వినిపించండి. వారు ఇచ్చే కాగితాన్ని చదవకుండా సంతకం...

వ్యాఖ్యాత: క్షమించండి, సమయం ముగిసింది. ధన్యవాదాలు.