ఈ ట్రాన్స్‌లేటర్‌కి 'ఈజీ' అంత ఈజీ కాదు | హంగేరియన్ యాప్ రివ్యూ

నమస్తే అండీ, హంగేరీలోని దెబ్రెత్సెన్ నుంచి మళ్ళీ నేనే. ముందే చెప్పేస్తున్నా, నేను ఇంగ్లీష్‌ని హంగేరియన్‌లోకి మార్చుకోవడానికి వాడే ఈ ట్రాన్స్‌లేటర్ యాప్ వాళ్ళు నాకు ఏడాది ప్రీమియం ఫ్రీగా ఇచ్చారు. డబ్బులివ్వలేదు, స్క్రిప్ట్ చూపించమని కూడా అడగలేదు. పేరు నోటితో పలకను, ఎందుకంటే కాసేపట్లో తిట్టబోతున్నా. ఎన్ని భాషలున్నాయి, ఆఫ్‌లైన్ ప్యాక్ ఎంత సైజు, ఇవన్నీ ఈపాటికి వేరే వీడియోల్లో చూసే ఉంటారు. నేను మాత్రం 'ఈజీ' అనే ఒక్క ఇంగ్లీష్ మాట పట్టుకుని మూడు వారాలు దీని ప్రాణం తీశాను.

'ఈజీ' అని కొట్టగానే వచ్చేది 'కొన్న్యూ'. ఆ మొదటి అచ్చుకి పెదాలు గుండ్రంగా చుట్టి 'ఎ' అనండి, దగ్గరికొస్తుంది. కొన్న్యూ అంటే సులువు, బరువు లేనిది కూడా కొన్న్యూనే. దీనికి ఎదురుమాట 'నెహేజ్', అంటే కష్టం, బరువు రెండూ. అరె, ఇది మన 'తేలిక' కదా! లెక్కా తేలికే, దూదీ తేలికే. ఈ సంగతి తట్టినప్పుడు ఒకటో నంబర్ ట్రామ్‌లో ఉన్నా, ఒక్కడినే నవ్వుకుంటుంటే పక్కనున్నాయన సీటు మారిపోయాడు. ఇంకో సంగతి, చివరి 'యూ' మింగేసి 'కొన్న్' అంటే కన్నీరు. కాబట్టి పరీక్ష ఎలా ఉందని అడిగితే పూర్తిగా పలకండి.

పోయిన నెల 20 కిలోల బియ్యం బస్తా భుజాన వేసుకుని మూడో అంతస్తు ఎక్కుతున్నా. లిఫ్ట్ లేదు. ఎదురింటి పెద్దావిడ చూసి 'నెహేజ్?' అన్నారు. నేను ధీమాగా 'కొన్న్యూ' అన్నా. నా లెక్కలో అది 'పర్లేదండీ, మోసుకెళ్ళగలను' అని. ఆవిడకి వినిపించింది 'బరువేం లేదు' అని. వెంటనే తన ఉల్లిపాయల సంచి నా రెండో చేతికి తగిలించారు! ఇందులో యాప్ తప్పేం లేదు. ఇంగ్లీష్‌లో ఆలోచించడం నాదే తప్పు. తెలుగులో 'తేలికే' అన్నా ఆ సంచి నా చేతికే వచ్చేది.

ఇప్పుడు తిట్టే భాగం. కింది అంతస్తులో ఒక బాచి ఉన్నారు. ఇక్కడ పెద్దాయన్ని పేరు తర్వాత బాచి అని పిలుస్తారు, మనం సుబ్బయ్య బాబాయ్ అన్నట్టే. ఒకరోజు నా కుళాయి బాగుచేసి పెట్టారు. టీ ఇచ్చాను. కుర్చీ అంచున బిగుసుకుని కూర్చున్నారు. మొహమాటపడకండి అందామనుకుని, దానికి సరైన ఇంగ్లీష్ తట్టక 'ఎట్ ఈజ్' అని కొట్టి స్పీకర్ నొక్కా. ఫోన్ గట్టిగా 'పిహెన్య్!' అని అరిచింది. అది కవాతులో ఇచ్చే ఆర్డరండీ, మన ఎన్‌సీసీలో 'విశ్రాం' లాంటిది! హంగేరీలో నిర్బంధ సైనిక సేవ 2004 దాకా ఉంది, ఆయన వయసు మగాళ్ళ ఒంట్లో ఆ కేక ఇంకిపోయి ఉంటుంది. చటుక్కున లేచి, కాలు సడలించి, గోడకేసి చూస్తూ నిలబడ్డారు. టీ సగం సాసర్‌లో ఉంది. రెండు క్షణాల తర్వాత ఇద్దరం నవ్వడం మొదలుపెడితే ఆపడం మా వల్ల కాలేదు.

నేను అనాల్సింది 'హెయెజ్జె మగాత్ కేన్యెలెంబె'. మాటకి మాట చూస్తే 'మిమ్మల్ని మీరు సౌకర్యంలోకి పెట్టుకోండి'. చివర్లో ఆ 'బె' ఉంది చూశారా, అది మన 'లోకి'. ఆ వాక్యం నాకు నేర్పింది బాచి, యాప్ కాదు. ఒక్క మాట కొడితే ఒక్క జవాబు పడేసి ఊరుకోవడమే దీనితో నా గొడవ. ఎవరితో అంటున్నావు, ఎక్కడ అంటున్నావు అని అడగదు. నా దగ్గర పాత పుస్తకాల షాపులో కొన్న డిక్షనరీ ఒకటి ఉంది, అట్ట ఊడిపోయింది, అది కూడా పక్కన 'సైన్యంలో' అని చిన్నక్షరాల్లో రాసి చూపిస్తుంది. 'టేక్ ఇట్ ఈజీ'కి యాప్ 'న్యుగి' ఇచ్చింది, బానే ఉంది. కానీ అది స్నేహితుడితో అనే మాట, ప్రొఫెసర్‌తో అంటే అంతే సంగతులు. మందుల షాపులో నొప్పి తగ్గించాలని 'ఈజ్ ద పెయిన్' అని కొడితే నొప్పిని 'తేలిక చేసేది' అన్నట్టు ఏదో ఇచ్చింది. అక్కడ అడగాల్సింది 'ఫాయ్‌దలొమ్‌చిల్లపీతో', అంటే నొప్పి తగ్గించే మందు. పలికేలోపు తలనొప్పి దానంతటదే తగ్గుతుంది.

మరి అన్‌ఇన్‌స్టాల్ ఎందుకు చెయ్యలేదు? దీంట్లో సామెత మీద వేలు నొక్కి పట్టుకుంటే మాటలు విడగొట్టి చూపిస్తుంది. ఇదిగో చూడండి. 'పీస్ ఆఫ్ కేక్' కొట్టా. కేకు ముక్క అని రాలేదు, 'ద్యెరెక్‌యాతేక్', పిల్లలాట. సరే, ఇది అందరికీ తెలిసిందే. కింద ఇంకోటి ఉంది, 'పొఫొనెత్‌సెరూ'. నొక్కి పట్టుకున్నా. చెంపదెబ్బ, సులభం. చెంపదెబ్బంత సులభమట! మనం మంచినీళ్ళు తాగినంత అంటాం, వీళ్ళు చెంప పగలగొట్టినంత అంటారు. వీళ్ళదే ఇంకో నానుడి, పని బాగా వచ్చినవాడైతే దాన్ని చిటికెన వేల్లోంచి దులిపేస్తాడట.

అన్నిటికంటే నాకు నచ్చింది 'కరికచపాష్'. పని సాఫీగా సాగుతుంటే కరికచపాష్‌లా పోతోంది అంటారు. కరిక అంటే వలయం. చపాష్ అంటే దెబ్బ, నడిచి నడిచి పడిన బాట కూడా. ఆ రెండో అర్థం చూడగానే నాకు గాడిలో పడిన బండి చక్రమే కనిపించింది, అంటే మన నల్లేరు మీద బండి నడకే. భాషాశాస్త్రం అడక్కండి, ఇది నా ఊహ. కానీ ఇదే యాప్‌కి తెలుగులో 'నల్లేరు మీద బండి నడక' అని ఇస్తే 'కాక్టస్ మీద బండి' అని తిప్పింది! చక్రం పంక్చర్ అయినట్టే.

కొనాలా వద్దా? ఆ నొక్కి పట్టుకునే బటన్ కోసం నేనైతే డబ్బులు పెట్టి కూడా కొంటా, మార్కులు అడిగితే పదికి ఏడు. స్పీకర్ మాత్రం సెట్టింగ్స్‌లోకి వెళ్ళి ముందే ఆపేసుకోండి. బాచి మెట్ల మీద ఎదురైనప్పుడల్లా నన్ను చూసి 'పిహెన్య్!' అంటున్నారు, నేను బియ్యం బస్తాతో సహా ఆగి నిలబడుతున్నా.