మురికి ఊరికే అంటదు: సెస్నా 172 వెదరింగ్

నమస్తే. స్క్రీన్ మీద ఉన్నది మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020 గేమ్‌ల సెస్నా 172 అనే చిన్న విమానం, తళతళలాడే తెల్ల లివరీ (విమానం మీది రంగుల డిజైన్). దీనికి వెదరింగ్, అంటె వాడి మాసినట్టు మరకలు, వేసి మన పాలమూరు చల్క నేలల మట్టి రన్‌వే మీద రోజూ దిగే విమానం లెక్క చేద్దాం. చానా మంది గ్రంజ్ బ్రష్ (మురికి మరకల బ్రష్) తీస్కొని ఒళ్లంతా ఒకే తీరుగ పూస్తరు. అప్పుడు విమానం వాడినట్టు కనబడదు, టెక్స్చర్ (మోడల్ మీద చుట్టే బొమ్మ) ఖరాబైనట్టు కనబడ్తది. ప్రతి మరక ఏడికెల్లి వచ్చిందో, గాలి దాన్ని ఎటు గుంజిందో తెల్వాలె.

కడుపు కింద చూడుర్రి. ఎగ్జాస్ట్ గొట్టం కాడ మసి సన్నగ, ముదురుగ ఉంటది. వెనక్కి పోయినకొద్దీ వెడల్పై పలచబడ్తది. 100ఎల్ఎల్ అనే విమాన పెట్రోల్‌ల సీసం ఉంటది కాబట్టి అందుల బూడిద రంగు కలుస్తది, అందుకే ఉత్త నలుపు వాడొద్దు. మల్టిప్లై లేయర్ (కింది రంగును ముదురు చేసే పొర), ఒపాసిటీ (రంగు గట్టితనం) 20 శాతం, మూడు నాలుగు పొరలు. ప్రతి పొరకు బ్రష్ సైజ్ మార్చాలె. రివెట్ల వెనకవైపు, ప్యానెల్ సందుల వెనకవైపు సన్న గీతలు గుంజుర్రి, ముందటివైపు వద్దు.

ఇగ ఎర్ర దుబ్బ. ఊరి బాటల తిరిగే ట్రాక్టర్ మడ్‌గార్డ్‌ను మబ్బు పట్టిన పూట ఫోటో తీసి, ఆ రంగే ఐడ్రాపర్‌తో తీస్కోవాలె. పొద్దుమూకే ఎండల తీస్తే పసుపు ఎక్కువ ఎక్కుతది. ఈ 172 చక్రాలు లోపలికి ముడుచుకోవు, అవి చిమ్మిన మట్టి స్ట్రట్ (రెక్కను మోసే కడ్డీ) మీద, ఫ్లాప్ (రెక్క వెనకంచు పలక) అడుగున, తోక రెక్క అడుగున పడ్తది. రెక్క పైభాగం దాదాపు సాఫ్‌గనే ఉంటది. ఆడ ఫ్యూయల్ మూతల వెనక పలచని నీలి చార ఒకటి చాలు, ఎందుకంటే 100ఎల్ఎల్ రంగే నీలం.

రంగు కంటె ముఖ్యమైనది రఫ్‌నెస్, అంటె పైభాగం ఎంత గరుకుగ, మెరవకుండ ఉంటదో అది. చానా మంది రంగు కాడనే ఆగిపోతరు. కంప్ టెక్స్చర్ అంటె రంగు కాకుండ పైభాగం గుణాలు దాచే ఫైల్. అందుల రెడ్ ఛానల్ అక్లూజన్ (సందుల నీడ), గ్రీన్ రఫ్‌నెస్, బ్లూ మెటాలిక్ (లోహపుతనం), అన్నీ 0 నుంచి 255 అంకెలల. గ్రీన్‌ల కడిగిన పెయింట్‌కు 65 దగ్గర, దుబ్బకు 190 దగ్గర పెట్టుర్రి. ఇంజన్ ఆయిల్ కారిన తావుల 45కు దించాలె, తడి మెరవాలె కదా. ఆల్బెడోల (రంగు టెక్స్చర్‌ల) మట్టి పూసి గ్రీన్‌ను ముట్టకపోతే, ఆ మట్టి గ్లాస్ కింద ప్రింట్ చేసినట్టు మెరుస్తది. కంప్‌ను లీనియర్‌గనే (అంకెలు మారకుండ) సేవ్ చెయ్యాలె. ఎస్ఆర్‌జీబీ (రంగు బొమ్మల పద్ధతి) పెడితే ఈ అంకెలన్నీ తప్పుతయి.

ప్రొపెల్లర్ ముందంచు రాళ్లు తాకి పెయింట్ లేస్తది, కొసల దగ్గర ఇంకా ఎక్కువ. ఆడ మెటాలిక్ 255, ఆల్బెడో 235 పైన. పాత నల్ల రంగు అట్లనే వదిలితే అల్యూమినియం బొగ్గు లెక్క కనబడ్తది. అల్యూమినియంకు ఎర్ర తుప్పు పట్టదు, తెల్ల పొడి పడ్తది. ఎర్ర తుప్పు ఉక్కు స్క్రూలకు, ఎగ్జాస్ట్ గొట్టానికే వెయ్యుర్రి.

కొన్ని మోడళ్లల ఎడమ, కుడి పక్కలు ఒకే యూవీ (టెక్స్చర్‌ల ఒకే తావు) వాడ్కుంటయి. అట్లాంటి చోట పెద్ద మరక వేస్తే రెండు దిక్కుల అద్దంల చూసినట్టు వస్తది, అందుకే ఆడ చిన్న మరకలతోనే సరిపెట్టాలె.

ఫైళ్లు డీడీఎస్ అనే టెక్స్చర్ ఫార్మాట్‌ల సేవ్ చేసి, సిమ్‌కు యాడ్-ఆన్లు పెట్టే కమ్యూనిటీ ఫోల్డర్‌ల పెట్టినంక, లేఅవుట్ జేసన్ (ప్యాకేజీల ఫైళ్ల జాబితా) మళ్లీ తయారు చెయ్యాలె. అందుల పేరు లేని ఫైల్‌ను సిమ్ చదవదు. ఆఖర్న పొద్దున 7కు, మధ్యాహ్నం 12కు, మబ్బుల, మూడు వెలుతుర్లల విమానం చుట్టు తిరిగి చూడుర్రి. పొద్దటి ఏటవాలు ఎండల దుబ్బ మెరిస్తే, గ్రీన్ ఇంకో 20 పెంచుర్రి.